ఏ ఫోన్‌లో మెయిల్ ముందు వస్తుంది? ఐఫోన్‌నీ ఆండ్రాయిడ్‌నీ సరిగ్గా పోల్చే పద్ధతి

ఐఫోన్‌లో మెయిల్ పావుగంట ఆలస్యంగా వస్తుందని ఒకరంటారు. ఆండ్రాయిడ్‌లో రాత్రి మెయిళ్లన్నీ పొద్దున ఫోన్ తీయగానే ఒక్కసారి వచ్చి పడతాయని ఇంకొకరంటారు. రెండూ నిజమే కావచ్చు. అయితే ఆ మాటలతో ఏ ఫోన్ మంచిదో తేల్చలేం. మెయిల్ ఎప్పుడు మన కంటపడుతుందనేది మూడు విషయాలు కలిసి నిర్ణయిస్తాయి: ఖాతా ఏ సర్వర్‌లో ఉంది, దాన్ని ఏ యాప్‌తో చూస్తున్నారు, తెర ఆరిపోయాక ఆ యాప్‌ను ఫోన్ ఎంతవరకు పనిచేయనిస్తోంది. ఈ మూడింటిలో ఒక్కటి మారినా ఫలితం తారుమారవుతుంది. ఒకే జీమెయిల్ ఖాతా ఐఫోన్‌లోని ఆపిల్ మెయిల్ యాప్‌లో నెమ్మదిగానూ, అదే ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో వెంటనే వస్తున్నట్టుగానూ కనిపించడానికి కారణం ఇదే.

అందుకని పోల్చే ముందు మెయిల్ ఏ దారిలో ఫోన్‌కు చేరుతుందో తెలుసుకోవాలి. ఆ తర్వాత ఒక్కొక్క అంశాన్నే మార్చుతూ కొలవాలి.

మెయిల్ ఫోన్‌కు చేరే దారులు

మొదటిది ఫెచ్. ఫోనే నిర్ణీత వ్యవధికి ఒకసారి సర్వర్‌ను "కొత్తవేమైనా వచ్చాయా" అని అడుగుతుంది. వ్యవధి 15 నిమిషాలైతే మెయిల్ వెంటనే రావచ్చు, 14 నిమిషాలు ఆగి రావచ్చు. సగటున ఏడెనిమిది నిమిషాల ఆలస్యం ఇందులో మామూలే. దాన్ని లోపమని అనుకోకూడదు.

రెండోది ఐమ్యాప్ ఐడిల్. ఐమ్యాప్ అంటే మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచి, ఏ యాప్‌లోనైనా చూసుకోనిచ్చే పద్ధతి. యాప్ సర్వర్‌తో ఒక కనెక్షన్ తెరిచి, దాన్ని మూయకుండా ఉంచుతుంది. మెయిల్ రాగానే సర్వర్ అదే కనెక్షన్ మీద చెబుతుంది. 1997లో వచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది, కానీ రెండు పరిమితులున్నాయి. 30 నిమిషాలు కదలిక లేకపోతే సర్వర్ కనెక్షన్ తెంచేయవచ్చు కాబట్టి యాప్ 29 నిమిషాలలోపే దాన్ని కొత్తగా మొదలుపెట్టాలి. పైగా ఒక కనెక్షన్ ఒక్క ఫోల్డర్‌నే కనిపెట్టుకుని ఉంటుంది. ఫిల్టర్లు పెట్టి మెయిళ్లను వేరే ఫోల్డర్లలోకి మళ్లించుకునేవారు ఈ రెండో పరిమితిని మరిచిపోయి, "కొన్ని మెయిళ్లకే నోటిఫికేషన్ వస్తోంది" అని తికమకపడుతుంటారు.

మూడోది ఎక్స్ఛేంజ్ యాక్టివ్‌సింక్. ఎక్స్ఛేంజ్ అంటే ఆఫీసులు ఎక్కువగా వాడే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్. ఫోన్ సర్వర్‌కు ఒక అభ్యర్థన పంపుతుంది. సర్వర్ వెంటనే జవాబివ్వకుండా దాన్ని అలాగే పట్టుకుని, మెయిల్ వచ్చినప్పుడు బదులిస్తుంది. ఆఫీసు ఖాతాలు చాలావరకు ఈ దారిలోనే నడుస్తాయి. మెయిల్‌తోపాటు క్యాలెండర్, కాంటాక్టులు కూడా దీంట్లోనే వస్తాయి.

నాలుగోది పుష్ సేవ, అంటే ఫోన్ అడగకుండానే కొత్త కబురును దానికి పంపే ఏర్పాటు. ఐఫోన్‌కు ఆపిల్‌ది, ఆండ్రాయిడ్‌కు గూగుల్‌ది. ఫోన్ మొత్తానికి ఒకే కనెక్షన్ తెరిచి ఉంటుంది. ఏ యాప్‌కు కబురొచ్చినా దాని మీదే వస్తుంది. బ్యాటరీ ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ. కానీ ఆ కబురు పంపాలంటే యాప్ తయారుచేసిన సంస్థకు మీ మెయిల్ పెట్టెలోకి చూసే సర్వర్ ఒకటి ఉండాలి. భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఐఫోన్‌లో ఏం చూడాలి

ఆపిల్ మెయిల్ యాప్ ఐక్లౌడ్, ఎక్స్ఛేంజ్, యాహూ ఖాతాలకు పుష్ ఇస్తుంది. ఆపిల్ పుష్ పద్ధతిని తమ సర్వర్‌లో అమర్చుకున్న ఫాస్ట్‌మెయిల్ లాంటి సేవలకూ ఇస్తుంది. జీమెయిల్‌కు మాత్రం ఫెచ్ ఒక్కటే దిక్కు. ఉచిత ఖాతాలను కొత్తగా యాక్టివ్‌సింక్‌తో కలుపుకునే వీలును గూగుల్ 2013 జనవరి 30న ఆపేసింది. ఐఫోనేమో నేపథ్యంలో ఐమ్యాప్ ఐడిల్ కనెక్షన్‌ను తెరిచి ఉంచదు. సొంత డొమైన్‌తో మామూలు ఐమ్యాప్ సర్వర్ వాడేవారిది కూడా ఇదే పరిస్థితి.

వ్యవధి ఎక్కడ మార్చాలంటే: ఐఓఎస్ 18 నుంచి సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మెయిల్, అందులో మెయిల్ అకౌంట్స్, చివర ఫెచ్ న్యూ డేటా. అంతకుముందు వెర్షన్లలో సెట్టింగ్స్ నుంచి నేరుగా మెయిల్, అకౌంట్స్, ఫెచ్ న్యూ డేటా. అక్కడ ప్రతి ఖాతా పక్కన పుష్, ఫెచ్, మాన్యువల్ అనే మూడింట్లో ఏది ఉందో కనిపిస్తుంది. అడుగున 15 నిమిషాలు, 30 నిమిషాలు, గంట, మాన్యువల్, ఆటోమేటిక్ అనే వ్యవధులు ఉంటాయి.

ఆటోమేటిక్ అన్న పేరు చూసి అదే మంచిదనుకుంటారు. ఫోన్ చార్జింగ్‌లో ఉండి, వైఫై కూడా ఉన్నప్పుడే అది వెనకాల మెయిల్ తెస్తుంది. మిగతా వేళల్లో యాప్ తెరిస్తేనే మెయిల్ కనిపిస్తుంది. ఐఫోన్‌లో మెయిల్ రావడం లేదన్న ఫిర్యాదు వింటే మొదట చూడాల్సింది ఈ సెట్టింగునే. రెండోది లో పవర్ మోడ్. అది ఆన్‌లో ఉంటే మెయిల్ ఫెచ్ ఆగిపోతుంది. పసుపు రంగు బ్యాటరీ గుర్తు కనిపిస్తే పరీక్ష మొదలుపెట్టకండి.

ఐఓఎస్ 14 నుంచి డిఫాల్ట్ మెయిల్ యాప్‌ను మార్చుకునే వీలుంది. కాబట్టి ఐఫోన్ అంటే ఆపిల్ మెయిల్ యాపేనని లెక్కవేయనక్కర్లేదు. జీమెయిల్, అవుట్‌లుక్ యాప్‌లను విడివిడిగా పరీక్షించండి.

ఆండ్రాయిడ్‌లో ఏం చూడాలి

ఇక్కడ చిక్కంతా బ్యాటరీ దగ్గరే. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే ఏర్పాటు మొదలైంది. చార్జర్ తీసేసి, తెర ఆరి, ఫోన్ కాసేపు కదలకుండా ఉంటే యాప్‌లకు నెట్‌వర్క్ అందకుండా చేస్తుంది. అప్పుడప్పుడు కొద్దిసేపు తలుపు తీసి, పెండింగ్ పనులు చేసుకోనిచ్చి, మళ్లీ మూసేస్తుంది. గూగుల్ పుష్ సేవ ద్వారా వచ్చే అత్యవసర కబుర్లకు మాత్రం ఈ అడ్డు ఉండదు. జీమెయిల్ ఖాతాను జీమెయిల్ యాప్‌లో చూసుకునేవారికి రాత్రి కూడా మెయిల్ ఠంచనుగా రావడానికి కారణం ఇదే. అదే యాప్‌లో సొంత ఐమ్యాప్ ఖాతా పెట్టుకుంటే అది ఫెచ్ పద్ధతిలోనే నడుస్తుంది. ఖాతా సెట్టింగ్స్‌లో సింక్ ఫ్రీక్వెన్సీ అన్నచోట 15 నిమిషాల కంటే తక్కువ దొరకదు.

ఐమ్యాప్ ఖాతాకు తక్షణ మెయిల్ కావాలంటే ఐడిల్‌ను వాడే యాప్ పెట్టుకోవాలి. 2024 అక్టోబరు 30న విడుదలైన ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్, దానికి పునాది అయిన కె-9 మెయిల్, ఫెయిర్‌ఈమెయిల్ ఈ కోవలోవి. ఇవి నోటిఫికేషన్ పట్టీలో ఒక శాశ్వత నోటిఫికేషన్‌ను ఉంచుతాయి. చికాకనిపించి దాన్ని తీసేయాలని చాలామంది చూస్తారు. యాప్ వెనకాల మేలుకుని ఉందని ఫోన్‌కు చెప్పేది అదే. కావాలంటే నిశ్శబ్దంగా ఉండే వర్గంలోకి మార్చుకోండి. యాప్‌ను మాత్రం ఆపవద్దు.

ఇవి పనిచేయాలంటే ఇంకో అడుగు ఉంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ యాప్ పేరు, అందులో బ్యాటరీ తెరిచి అన్‌రిస్ట్రిక్టెడ్ ఎంచుకోండి. శామ్‌సంగ్ ఫోన్లలో బ్యాటరీ కింద బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్ అనే చోట స్లీపింగ్ యాప్స్, డీప్ స్లీపింగ్ యాప్స్ జాబితాలుంటాయి. మెయిల్ యాప్ వాటిలో ఉంటే తీసేసి, ఎప్పుడూ నిద్రపుచ్చకూడని యాప్‌ల జాబితాలో చేర్చండి. షావోమీ ఫోన్లలో ఆటోస్టార్ట్ అనుమతి వేరుగా ఇవ్వాలి. ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో ఆటో లాంచ్ పేరుతో అలాంటిదే ఉంటుంది. ఈ అనుమతులు లేకపోతే ఫోన్ రీస్టార్ట్ చేశాక యాప్ తనంతట తాను లేవదు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ అనుమతి కూడా యాప్ ప్రత్యేకంగా అడుగుతుంది. మొదటిసారి వద్దని నొక్కి ఉంటే మెయిల్ వచ్చినా చప్పుడుండదు.

గూగుల్ సేవలు లేని ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ పుష్ అందదు. వాటిలో ఐడిల్ వాడే యాపే నమ్మదగిన దారి. పోలిక వేరే పట్టికలో రాసుకోండి.

పరీక్షకు ముందు సరంజామా

అసలు ఖాతాతో పరీక్షించకండి. పనిమీద వచ్చే మెయిళ్లు మధ్యలో పడితే లెక్క చెడుతుంది. రోజూ వాడే సేవలోనే ఒక కొత్త ఖాతా తెరిచి రెండు ఫోన్లలోనూ పెట్టండి. పంపడానికి వేరే సేవలో ఇంకో ఖాతా, దాన్ని తెరవడానికి కంప్యూటర్ సిద్ధం చేసుకోండి.

ముందు ఆ ఖాతా నుంచి రెండు మూడు మెయిళ్లు పంపి, ఒకదానికి జవాబు కూడా ఇవ్వండి. కారణం ఉంది. ముందెన్నడూ రాయని చిరునామా నుంచి వచ్చిన మొదటి మెయిల్‌ను కొన్ని సర్వర్లు "తర్వాత మళ్లీ ప్రయత్నించు" అని తిప్పి పంపుతాయి. దీన్ని గ్రేలిస్టింగ్ అంటారు. నిజమైన సర్వర్ కొన్ని నిమిషాలాగి మళ్లీ పంపుతుంది, స్పామ్ పంపేవాళ్లు చాలావరకు పంపరు. ఈ ఆలస్యాన్ని ఫోన్ ఖాతాలో వేస్తే పోలిక మొదట్లోనే తప్పుతుంది.

రెండు ఫోన్లలోనూ సమయాన్ని ఆటోమేటిక్‌గా పెట్టి, గడియారాలు పక్కపక్కన ఉంచి చూడండి. డు నాట్ డిస్టర్బ్, ఫోకస్, లో పవర్, బ్యాటరీ సేవర్, డేటా సేవర్ అన్నీ ఆపండి. ఒకే వైఫైకి కలపండి. నోటిఫికేషన్ శబ్దాలు వేర్వేరుగా పెట్టుకుంటే ఏది ముందు మోగిందో చూడకుండానే తెలుస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: చార్జర్ తీసేయండి. చార్జింగ్‌లో ఉన్న ఆండ్రాయిడ్ డోజ్‌లోకి వెళ్లదు. చార్జింగ్‌లో, వైఫైలో ఉన్న ఐఫోన్‌లో ఆటోమేటిక్ ఫెచ్ చురుగ్గా నడుస్తుంది. అంటే బల్లమీద కేబుల్ పెట్టి పరీక్షిస్తే రెండు ఫోన్లూ మేలిమి బంగారంలా కనిపిస్తాయి. జేబులో వేసుకుని తిరిగినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. సమీక్షల్లో చూసిన వేగం చేతికొచ్చాక కనిపించకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

కొలిచే పద్ధతి

ఒక పట్టికలో ఈ గడులు గీసుకోండి: మెయిల్ సంఖ్య, పంపిన సమయం, సర్వర్‌కు చేరిన సమయం, ఒకటో ఫోన్‌లో నోటిఫికేషన్ సమయం, రెండో ఫోన్‌లో నోటిఫికేషన్ సమయం. మెయిల్ సబ్జెక్టులో సంఖ్యను, పంపిన సమయాన్ని రాయండి. సబ్జెక్టు వేర్వేరుగా ఉండటం అవసరం. ఒకే సబ్జెక్టుతో పంపితే యాప్ వాటిని ఒకే సంభాషణగా చుట్టేసి, నోటిఫికేషన్లను కూడా కలిపేస్తుంది.

సర్వర్‌కు ఎప్పుడు చేరిందో తెలియాలంటే మెయిల్ హెడర్ (మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే, మామూలుగా కనిపించని వరుసలు) చూడాలి. జీమెయిల్ అయితే కంప్యూటర్ బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ నొక్కండి. పంపాక ఎన్ని సెకన్లకు చేరిందో పైనే ఉంటుంది. మిగతా సేవల్లో మెసేజ్ సోర్స్ తెరిచి, రిసీవ్డ్ అని మొదలయ్యే వరుసలు చూడండి. వాటిని కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికన్నా పైనున్నది మీ సర్వర్ వేసిన ముద్ర. సమయం పక్కనుండే ప్లస్, మైనస్ అంకెలు టైమ్‌జోన్ తేడా. దాన్ని సరిచేసుకున్నాకే తీసివేత చేయండి. ఫోన్ ఆలస్యం అంటే నోటిఫికేషన్ సమయంలోంచి ఈ ముద్ర సమయాన్ని తీసేస్తే వచ్చేదే. పంపిన సమయం నుంచి లెక్కవేస్తే దారిలో సర్వర్లు చేసిన జాప్యం కూడా ఫోన్ నెత్తిన పడుతుంది.

ఇప్పుడు వరుసగా ఈ సందర్భాల్లో పంపండి:

1. తెర వెలుగుతూ, వేరే యాప్ తెరిచి ఉన్నప్పుడు 5 మెయిళ్లు, ఒక్కోటి 7 నిమిషాల తేడాతో. 15 నిమిషాల తేడాతో పంపకండి. ఫెచ్ వ్యవధితో అది కలిసిపోయి, ప్రతి మెయిల్‌కూ ఒకే ఆలస్యం కనిపిస్తుంది.
2. తెర ఆర్పి, ఫోన్‌ను గంటసేపు కదపకుండా ఉంచి, ఆ తర్వాత 5 మెయిళ్లు.
3. రాత్రి పడుకునే ముందు చార్జర్ లేకుండా వదిలేసి, బ్రౌజర్‌లో షెడ్యూల్ పెట్టి, గంటకొకటి చొప్పున 6 మెయిళ్లు. పొద్దున తెర తెరిచే ముందే నోటిఫికేషన్ల పక్కనున్న సమయాలను రాసుకోండి.
4. వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద రెండో పరీక్ష మళ్లీ.
5. అరగంట ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆ మధ్యలో 3 మెయిళ్లు పంపి, మోడ్ తీశాక ఎంతసేపటికి వస్తాయో.

నాలుగో పరీక్షలో ఐడిల్ యాప్‌లు తరచూ తడబడతాయి. మొబైల్ నెట్‌వర్కులు చాలాసేపు కదలిక లేని కనెక్షన్‌ను చప్పుడు చేయకుండా తెంచేస్తాయి. ఆ సంగతి అటు సర్వర్‌కూ ఇటు యాప్‌కూ తెలియదు. యాప్ తన వంతు వచ్చి కనెక్షన్‌ను మళ్లీ తెరిచేదాకా మెయిల్ ఆగిపోతుంది. థండర్‌బర్డ్, కె-9 యాప్‌లలో ఐడిల్ కనెక్షన్‌ను ఎన్ని నిమిషాలకు ఒకసారి పునరుద్ధరించాలో మార్చే సెట్టింగు ఉంది. దాన్ని తగ్గించి మళ్లీ కొలవండి. తగ్గించే కొద్దీ బ్యాటరీ ఖర్చు పెరుగుతుంది కాబట్టి, మెయిల్ సరిగ్గా వచ్చిన పెద్ద అంకె దగ్గరే ఆగండి.

ఫలితాలు చూసేటప్పుడు సగటు మీద ఆధారపడకండి. పది మెయిళ్లలో తొమ్మిది 3 సెకన్లలో వచ్చి, ఒకటి 4 గంటలు ఆగితే సగటు 24 నిమిషాలవుతుంది. అది ఎవరి అనుభవమూ కాదు. మధ్యస్థ విలువ (ఆలస్యాలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే నడుమ వచ్చేది), అన్నిటికన్నా పెద్ద ఆలస్యం, రెండూ విడిగా రాయండి. పనికి అడ్డుపడేది ఆ రెండోదే.

ఒక్కరోజు పరీక్షతో తీర్పివ్వడం కూడా సరికాదు. ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లను వాడకాన్ని బట్టి వర్గాలుగా విడదీస్తుంది. కొత్తగా పెట్టి రోజంతా తెరిచిన యాప్‌కు మంచి వర్గం దక్కుతుంది. వారం పాటు ముట్టని యాప్‌కు నేపథ్యంలో పనిచేసే అవకాశాలు తగ్గుతాయి. కాబట్టి యాప్‌ను వారంపాటు మామూలుగా వాడి, మూడో పరీక్షను చివరి రోజు మళ్లీ చేయండి. బ్యాటరీ వాడకాన్ని కూడా అప్పుడే చూడండి. రెండు ఫోన్లలోనూ సెట్టింగ్స్‌లోని బ్యాటరీ పేజీలో యాప్‌వారీ లెక్క ఉంటుంది. ఒక ఫోన్‌లోని శాతాన్ని ఇంకో ఫోన్‌లోని శాతంతో నేరుగా పోల్చవద్దు. అవి ఆ ఫోన్ మొత్తం వాడకంలో వాటాలు. ఒకే ఫోన్‌లో రెండు యాప్‌లను పోల్చడానికి మాత్రం పనికొస్తాయి.

పంపడం, వెతకడం, ఫైళ్లు

షెడ్యూల్ చేసి పంపే సౌకర్యం రెండు వైపులా ఉంది, కానీ పనిచేసే చోటు వేరు. జీమెయిల్ యాప్‌లో షెడ్యూల్ చేస్తే ఆ మెయిల్ సర్వర్‌లో ఉంటుంది. ఫోన్ ఆపేసినా వేళకు వెళ్లిపోతుంది. ఒకేసారి 100 మెయిళ్ల దాకా పెట్టుకోవచ్చు. ఐఓఎస్ 16తో ఆపిల్ మెయిల్‌కు వచ్చిన షెడ్యూల్ పరికరం మీద ఆధారపడుతుంది. ఆ సమయానికి ఫోన్ ఆఫ్‌లో ఉంటే, నెట్ వచ్చాకే వెళ్తుంది. ఉద్యోగ దరఖాస్తు గడువు లాంటివాటికి ఈ తేడా చిన్నదేమీ కాదు. పది నిమిషాల తర్వాతకు షెడ్యూల్ చేసి, ఫోన్ ఆపేసి, ఇంకో ఖాతాలో చూడండి. సందేహం తీరిపోతుంది. పంపాక వెనక్కి తీసుకోవడానికి ఆపిల్ మెయిల్‌లో 10, 20, 30 సెకన్ల గడువుల్లో ఒకటి ఎంచుకోవచ్చు.

ఫైళ్ల విషయంలో ఒక లెక్క తెలిసి ఉండాలి. మెయిల్‌లో ఫైలు వెళ్లేటప్పుడు అక్షరాల రూపంలోకి మారుతుంది. ప్రతి 3 బైట్లకు 4 అక్షరాలు పడతాయి. దాంతో పరిమాణం మూడోవంతుకు పైగా పెరుగుతుంది. మెయిల్ మొత్తం 25 ఎంబీ మించకూడదనే సర్వర్‌కు 18 ఎంబీ దాటిన ఫైలు పంపితే తిరిగి రావడానికి కారణం ఇదే. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటిన ఫైలు డ్రైవ్ లింకుగా మారుతుంది. ఐక్లౌడ్ మెయిల్ పరిమితి 20 ఎంబీ. దాటితే మెయిల్ డ్రాప్ ద్వారా 5 జీబీ దాకా లింకుగా పంపవచ్చు, ఆ లింకు 30 రోజులకు పనిచేయకుండా పోతుంది. దాచుకోవాల్సిన పత్రాలు ఇలా వస్తే వెంటనే దించుకోండి. ఆపిల్ మెయిల్‌లో ఫొటోలు జతచేసినప్పుడు చిన్న, మధ్యస్థ, పెద్ద, అసలు సైజు అనే ఎంపికలుంటాయి. పత్రాల ఫొటోలకు అసలు సైజే ఉంచండి, లేకపోతే చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

వెతకడాన్ని రెండుసార్లు పరీక్షించండి. ముందు నెట్ ఉన్నప్పుడు మూడేళ్ల కిందటి మెయిల్ లోపలి భాగంలోని ఒక అరుదైన మాటతో, తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో అదే మాటతో. జీమెయిల్ యాప్ వెతికేది ప్రధానంగా సర్వర్‌లో. ఫోన్‌లో ఎన్ని రోజుల మెయిల్ దాచాలో దాని ఖాతా సెట్టింగ్స్‌లో ఉంటుంది. ప్రయాణాల్లో పాత టికెట్లు, రసీదులు తీయాల్సి వచ్చేవారు ఆ అంకెను పెంచుకోవాలి. ఐఫోన్‌లో ఎక్స్ఛేంజ్ ఖాతాకు మెయిల్ డేస్ టు సింక్ అనే సెట్టింగు ఇలాంటిదే. అందులో నో లిమిట్ కూడా ఉంది.

రెండు ఫోన్లలో ఒకే ఖాతా ఉంటే ఫోల్డర్లు కూడా సరిచూడండి. ఒక యాప్ డిలీట్ చేసిన మెయిల్‌ను ట్రాష్‌లో వేస్తే, ఇంకోటి ఆర్కైవ్‌లోకి పంపవచ్చు. ఆపిల్ మెయిల్‌లో ఖాతా అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి డ్రాఫ్ట్స్, సెంట్, డిలీటెడ్, ఆర్కైవ్ అనే నాలుగింటికీ సర్వర్‌లోని సరైన ఫోల్డర్ ఎంచుకోండి. మెయిళ్లను సర్వర్ నుంచి ఫోన్‌లోకి దించుకునే పాప్ అనే పాత పద్ధతిని మాత్రం రెండు ఫోన్ల మధ్య వాడకండి. ఒక ఫోన్ మెయిల్ దించుకుని సర్వర్ నుంచి తీసేస్తే రెండోదానికి ఏమీ మిగలదు, చదివినవీ చదవనివీ కూడా కలవవు.

ఖాతా కలవకపోతే

పాస్‌వర్డ్ సరైనదే అయినా తప్పంటుంటే, ఆ యాప్ పాత పద్ధతిలో లాగిన్ అవుతోందని అర్థం. వ్యక్తిగత గూగుల్ ఖాతాలకు ఉట్టి పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడం 2022 మే 30న ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ తన వ్యక్తిగత మెయిల్ ఖాతాలకు 2024 సెప్టెంబరు 16న ఆపింది. సైన్ ఇన్ విత్ గూగుల్ లాంటి వెబ్ పేజీ తెరిచే యాప్ అయితే ఏ ఇబ్బందీ లేదు. అలా కాకపోతే గూగుల్ ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టి, ఆ యాప్ కోసమే ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ఐక్లౌడ్ మెయిల్ చూడాలన్నా ఆపిల్ ఖాతా నుంచి యాప్ పాస్‌వర్డ్ తీసుకుని ఐమ్యాప్‌గా కలపాలి. గూగుల్ ఖాతా అసలు పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. ఉన్నట్టుండి అన్ని ఫోన్లలో మెయిల్ ఆగితే ముందు ఇదే గుర్తుకు రావాలి.

సొంత సర్వర్‌కు పోర్టులు, అంటే కనెక్షన్ వెళ్లే తలుపుల నంబర్లు, ఇవి: ఐమ్యాప్‌కు ఎస్‌ఎస్‌ఎల్‌తో 993, పంపడానికి ఎస్‌ఎస్‌ఎల్‌తో 465 లేదా స్టార్ట్‌టీఎల్‌ఎస్‌తో 587 (ఆ రెండూ దారిలో ఎవరూ చదవకుండా పంపే పద్ధతులు). పోర్టు 25 పెట్టకండి, చాలా నెట్‌వర్కులు దాన్ని అడ్డుకుంటాయి. మెయిల్ వస్తోంది కానీ వెళ్లడం లేదంటే పంపే సర్వర్‌కు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్నాయేమో చూడండి. ఐఫోన్‌లో ఆ గడుల పక్కన ఆప్షనల్ అని ఉండటంతో చాలామంది వదిలేస్తారు. జీమెయిల్‌కు ఐమ్యాప్ మీద ఏకకాలంలో 15 కనెక్షన్లే అనుమతి. రెండు ఫోన్లు, ట్యాబ్, కంప్యూటర్ అన్నీ ఒకే ఖాతాను అనేక ఫోల్డర్లతో పట్టుకుంటే అది దాటిపోయి ఏదో ఒకటి ఆగుతుంది.

వేగానికి ఇచ్చే మూల్యం

ఐఫోన్‌లో మామూలు ఐమ్యాప్ ఖాతాకు కూడా ఒక యాప్ తక్షణ నోటిఫికేషన్ ఇస్తోందంటే, ఆ పని ఫోన్ చేయడం లేదు. ఆ సంస్థ సర్వర్ మీ తరఫున లాగిన్ అయి మెయిల్ పెట్టెను చూస్తూ, ఆపిల్ పుష్ ద్వారా కబురు పంపుతోంది. అవుట్‌లుక్ మొబైల్ యాప్‌లో జీమెయిల్, యాహూ, ఐమ్యాప్ ఖాతాలు పెట్టినప్పుడు మెయిల్ మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోకి సింక్ అయి అక్కడి నుంచి ఫోన్‌కు వస్తుంది. దీన్ని తప్పనలేం, తెలిసి ఒప్పుకోవాల్సిన విషయం. క్లయింట్ల కాగితాలు చూసే లాయర్లు, రోగుల వివరాలు చూసే డాక్టర్లు ఇలాంటి యాప్ పెట్టేముందు తమ వృత్తి నియమాలు చూసుకోవాలి. పదిహేను నిమిషాల ఆలస్యాన్ని భరించి ఆపిల్ మెయిల్‌లో ఫెచ్ వాడటమే వాళ్లకు మేలు. ప్రోటాన్ మెయిల్ లాంటి ఎన్‌క్రిప్టెడ్ సేవ వాడేవారికి ఈ ప్రశ్నే రాదు. ఫోన్‌లో దాని సొంత యాప్ తప్ప వేరేవి పనిచేయవు.

ఆఫీసు ఖాతాను ఫోన్‌లోని సొంత మెయిల్ యాప్‌లో యాక్టివ్‌సింక్‌తో కలిపేటప్పుడు, ఫోన్‌ను తుడిచేసే అధికారం సంస్థకు ఇవ్వాల్సి రావచ్చు. ఆండ్రాయిడ్‌లో డివైస్ అడ్మిన్ అనుమతి అడిగే పేజీలో ఆ మాట రాసే ఉంటుంది, చదవకుండా నొక్కకండి. అదే ఖాతాను అవుట్‌లుక్ యాప్‌లో పెడితే సంస్థ అక్కడి నుంచి తుడిచేది ఆ యాప్‌లోని డేటానే. ఫోన్ మీ సొంతదైతే రెండో దారినే ఎంచుకోండి, కుటుంబ ఫొటోలు క్షేమంగా ఉంటాయి.

ఎవరికి ఏ జత

జీమెయిల్ ఒక్కటే వాడి, వెంటనే రావాలనుకునేవారికి రెండు ఫోన్లలోనూ జీమెయిల్ యాపే సరి. వేగంలో ఫోన్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఎక్స్ఛేంజ్ ఖాతావారికి కూడా అంతే, అవుట్‌లుక్ అయినా ఫోన్‌లోని సొంత యాప్ అయినా పుష్ వస్తుంది. ఐక్లౌడ్ చిరునామాయే ముఖ్యమైతే ఐఫోన్‌ను వదలకండి. సొంత డొమైన్ ఐమ్యాప్ సర్వర్ ఉండి, మధ్యలో ఎవరూ చూడకుండా తక్షణ మెయిల్ కావాలంటే ఆండ్రాయిడ్, ఐడిల్ యాప్, అన్‌రిస్ట్రిక్టెడ్ బ్యాటరీ, ఈ మూడూ కలిసిన జత మేలు. నాలుగైదు రకాల ఖాతాలను ఒకే ఇన్‌బాక్స్‌లో చూడాలనుకుంటే ఆపిల్ మెయిల్ హాయిగా ఉంటుంది, కానీ వాటిలో ఏవి పుష్, ఏవి ఫెచ్ అన్నది ఒక చీటీ మీద రాసి ఉంచుకోండి.

పరీక్షలు ముగిశాక పరీక్ష ఖాతాను రెండు ఫోన్ల నుంచీ తీసేయండి. యాప్ తొలగించినంత మాత్రాన దాని సంస్థ సర్వర్‌కు ఇచ్చిన ప్రవేశం పోదు. గూగుల్, మైక్రోసాఫ్ట్, ఆపిల్ ఖాతాల సెక్యూరిటీ పేజీ తెరిచి, పరీక్ష కోసం అనుమతిచ్చిన యాప్‌లను ఒక్కొక్కటిగా తొలగించి, వాటికోసం తీసుకున్న యాప్ పాస్‌వర్డ్‌లను రద్దు చేయండి.